చెవితో మొదలైన చదువు: గిడుగు రామ్మూర్తి గారు

ఆగస్టు 29 వస్తే ఉదయపు ప్రార్థన సమయంలో మన పిల్లలు ఒకరిద్దరు వేదిక మీద తెలుగులో నాలుగు మాటలు మాట్లాడతారు. అది తెలుగు భాషా దినోత్సవం అని చాలామందికి తెలుసు. అది గిడుగు వెంకట రామ్మూర్తి గారి పుట్టినరోజు అని కొందరికి తెలుసు. ఆయన ఏం చేశారని అడిగితే, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని గబగబా చెప్పేసి దిగిపోతారు. అంత పొడుగు బిరుదు విన్నాక ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంకేమీ అడగబుద్ధి కాదు. వాణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఆయన కథ మనలాంటివాళ్లకు, రెండు మూడేళ్లకొకసారి పెట్టెలు సర్దుకునే ఇళ్లవాళ్లకు, చాలా దగ్గరది. ఆయన కూడా ఒక బదిలీ ఉద్యోగి కొడుకు. చిన్నపిల్లలకు చదువు ఏ మాటతో, ఏ ధ్వనితో మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు ఒక జీవితమంతా ఇచ్చిన బడిపంతులు.

ఆయన పుట్టింది 1863లో, వంశధార నది దగ్గర, శ్రీముఖలింగం గుడికి చేరువలో ఉన్న పర్వతాలపేట అనే ఊళ్లో. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. తండ్రి వీర్రాజు గారు అక్కడి ఠాణాలో సముద్దారు, అంటే రెవెన్యూ శాఖ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, ఇవన్నీ మీకు చెప్పనక్కరలేదు. ఆ కొత్త ఊళ్లోనే 1875లో విషజ్వరం వచ్చి తండ్రి చనిపోయారు. అప్పటికి రామ్మూర్తికి పన్నెండేళ్లు. విశాఖపట్నంలో మేనమామ గారింట్లో ఉండి, మహారాజా వారి ఇంగ్లీషు హైస్కూల్లో చదువుకున్నాడు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్ష ప్యాసయ్యాడు. పైచదువుకు వెళ్లే వీలు లేదు. ఆ మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరాడు. మొదటి ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పడం ఆయన పని. పంతులుకు అప్పటికి పదిహేడేళ్లు.

పర్లాకిమిడి ఎక్కడుందో చెప్పాలి. మనం ఖరగ్‌పూర్ నుంచి సెలవులకు విశాఖ వైపు రైలెక్కితే బరంపురం, పలాస దాటాక నౌపడా అనే చిన్న జంక్షన్ వస్తుంది. అక్కడి నుంచి ఒక కొమ్మలాగా విడిపోయే లైను పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ పోతుంది. రామ్మూర్తి గారు ఉద్యోగంలో చేరిన 1880లో ఈ రైళ్లేవీ లేవు. మన ఊరు రైల్వే పట్టణం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న గేజి రైలు 1900లో వచ్చింది. పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు మాత్రమే ఉండే ఆ బుల్లి రైలు గురించి ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనిచేసే మీ నాన్నగార్లను అడిగితే నాకన్నా బాగా చెబుతారు. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది తాతముత్తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఆ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచే పనికి వచ్చారు కదా.

బడిలో పాఠాలు చెబుతూనే ఆయన తన చదువు తాను చదువుకున్నారు. 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. ప్రైవేటుగా కట్టి గెలిచారు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న పాత శాసనాలు చదవాలని, గురువు లేకుండానే పాత లిపులు నేర్చుకున్నారు. చరిత్ర పంతులు రాళ్ల మీది అక్షరాలు చదవడం వింతేమీ కాదు. కానీ ఆ పంతులు కొండల మీది మనుషుల మాట వినడానికి వెళ్లడం మాత్రం ఆ రోజుల్లో వింతే.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉంటారు. ఒడిశాలో వాళ్లను సౌరా అంటారు. కొండవాలులో పోడు కొట్టి, మెట్లుమెట్లుగా మళ్లు కట్టి పంటలు పండిస్తారు. వేసవిలో పొదలు నరకడం, తొలకరికి విత్తడం, చలికాలంలో కోత, కొత్తలు తినే పండుగలు. వాళ్ల ఏడాది అంతా కాలాలతోనే నడుస్తుంది. పిల్లలు ఆ పనుల మధ్యే పెరుగుతారు. వాళ్ల భాష తెలుగూ కాదు, ఒడియా కాదు. బడి అంటూ ఉంటే అది తెలుగులోనో ఒడియాలోనో ఉంటుంది. సవర పిల్లవాడు ఆ బడికి వచ్చాడే అనుకోండి, పంతులు చెప్పే మొదటి మాటే వాడికి తెలియదు. అర్థం తెలియని మాటలో మొదటి అక్షరం ఏదని అడిగితే వాడేం చెబుతాడు?

రామ్మూర్తి గారు మొదట సవర భాష తాను నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని ఆయన దగ్గర నేర్చుకున్నారు. బ్రాహ్మణ కుటుంబంలో కొండజాతి మనిషి ఇంట్లో మనిషిగా ఉండటం ఆనాడు చిన్న సంగతి కాదు. తరువాత తానే కొండలెక్కి, గూడేలకు వెళ్లి, ముసలివాళ్ల దగ్గర, పిల్లల దగ్గర, పాటలు పాడేవాళ్ల దగ్గర కూర్చుని విన్నారు. సవరలకు అప్పటికి రాత లేదు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఉన్నదల్లా నోరు, చెవి. ఆ చెవితోనే ఆయన పని మొదలైంది.

ఆ పని ఎంత కష్టమో చెప్పడానికి మన ఖరగ్‌పూర్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. సవర భాష ముండా భాషల కుటుంబంలోది. మన చుట్టుపక్కల ఊళ్లలో సంతాల్ పిల్లలు మాట్లాడే సంతాలీ కూడా ఆ కుటుంబంలోదే. అంటే తెలుగు గడ్డ మీద ఉన్న సవరకు మన ఊరి సంతాలీ దూరపు చుట్టం. మీ తరగతిలో సంతాల్ స్నేహితుడు ఉంటే నీళ్లను ఏమంటారో అడగండి. దాక్ లాంటి మాట ఒకటి వినిపిస్తుంది. కానీ జాగ్రత్తగా వినండి. చివరి క్ పూర్తిగా బయటికి రాదు. నాలుక అక్కడికి చేరుతుంది, ఊపిరి ఆగుతుంది, అంతే. మనం పలికితే క్ అని టక్కున విడుస్తాం, వాళ్లు విడవరు. సవరలో నీళ్లకు ఉన్న మాట దీనికి బంధువే, దానిలో కూడా గొంతు ఒక్క క్షణం బిగిసి విడుతుంది. ఆ బిగింపుకు తెలుగులో అక్షరం లేదు. బెంగాలీలో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. మనకు అక్షరం లేదని ఆ ధ్వనిని వదిలేస్తే మాట మరో మాట అయిపోవచ్చు. చెవి పట్టుకుంది, చేతికి అక్షరం దొరకలేదు. అప్పుడేం చేయాలి?

ఆయన ధ్వనిశాస్త్రం చదివారు. పర్లాకిమిడిలో అది చెప్పే గురువు లేడు. పరదేశాల పండితులు రాసిన పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ఏ ధ్వనికి నాలుక ఎక్కడ తగులుతుంది, పెదవులు ఏం చేస్తాయి, ఊపిరి ముక్కులోంచి పోతుందా నోట్లోంచి పోతుందా, గొంతు ఎప్పుడు మూసుకుంటుంది అని ఒక్కొక్కటీ పట్టి చూసుకున్నారు. సవర పిల్లల వాచకాలకు తెలుగు లిపినే వాడారు, ఎందుకంటే బడి, పంతులు, అచ్చు అన్నీ ఆ లిపిలోనే దొరికేవి. శాస్త్రం కోసం రాసిన పుస్తకాల్లో అంతర్జాతీయ ధ్వనిలిపిని వాడారు. సవర పాటలు, కథలు సేకరించారు. వాచకాలు తయారుచేసి సొంత డబ్బుతో అచ్చు వేయించారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలు తానే ఇచ్చారు. 30 రూపాయలతో మొదలైన ఉద్యోగం ఆయనది. ఆ లెక్క ఒకసారి మనసులో వేసుకోండి.

ఈ మాట చెప్పేటప్పుడు మన పక్క ఊరివాడైన మరో పంతులు గుర్తుకు రావాలి. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పుట్టిన బీర్‌సింఘా మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉంది. ఆయన 1855లో రాసిన వర్ణపరిచయంతోనే ఇప్పటికీ బెంగాలీ పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు. నోట్లో పలకని పాత అక్షరాలు కొన్నింటిని ఆయన వర్ణమాలలోంచి తీసేశారు, నోట్లో ఉండి పుస్తకంలో చోటు లేని కొన్ని ధ్వనులకు చోటిచ్చారు. చిన్నప్పుడు తండ్రితో కలకత్తాకు నడిచి వెళ్తూ దారిలో మైలురాళ్లు చూసి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడన్న కథ మీరు బెంగాలీ స్నేహితుల దగ్గర వినే ఉంటారు. మన తెలుగు వర్ణమాలలో మాత్రం ౠ, ఌ, ౡ లాంటి అక్షరాలు చాలాకాలం పెద్దబాలశిక్ష మొదటి పుటల్లో కూర్చుని పిల్లలను భయపెట్టాయి. వాటితో మొదలయ్యే మాట ఒక్కటైనా మీ ఇంట్లో ఎవరైనా అన్నారేమో వెతకండి.

ఇక్కడ నా తరగతి గురించి కొంచెం చెప్పాలి. కొత్తగా తెలుగు అక్షరాలు నేర్చుకునే చిన్నపిల్లలకు నేను అ నుంచి వరుసగా చెప్పను. కిటికీ బయట ఏ కాలం నడుస్తుంటే దానితో మొదలుపెడతాను. వానాకాలం అయితే అందరం కళ్లు మూసుకుని వింటాం. తెలుగులో వానకు ఎన్ని చప్పుళ్లున్నాయో చూడండి. చినుకు పడితే చిటపట. ధార కడితే జలజల. రేకుల మీద టపటప. పిడుగు పడితే ఫెళఫెళ. ఈ నాలుగు మాటల్లో చ, ట, ప, జ, ల, ఫ, ళ అనే ఏడు అక్షరాలు వచ్చేశాయి. వాటి అర్థం చెప్పే పని లేదు, వాన చెబుతుంది. ప అనేటప్పుడు, ఫ అనేటప్పుడు నోటి ముందు అరచెయ్యి పెట్టుకోమంటాను. ఫ దగ్గర ఊపిరి చేతికి గట్టిగా తగులుతుంది. అది తెలిశాకే బయటికి వెళ్లి తడిసిన ఎర్రమట్టిలో పుల్లతో అక్షరం గీస్తారు. మన ఖరగ్‌పూర్ మట్టి ఈ పనికి పలకకన్నా బాగుంటుంది.

శరత్తు వస్తే పట్టాల పక్కన బీళ్లలో తెల్లగా రెల్లు పూస్తుంది. బెంగాలీ పిల్లలు కాశ్ ఫూల్ అని ఎగురుతారు, దుర్గాపూజ దగ్గరకొచ్చిందని వాళ్ల ఆనందం. అప్పుడు నేను ల, ళ రెండూ తీస్తాను. రెల్లులో ఉన్నది ల. నీళ్లులో ఉన్నది ళ. ఇక్కడ పెరిగిన మన పిల్లలు చాలామంది నీల్లు అంటారు. బెంగాలీలో, హిందీ పాఠ్యపుస్తకంలో ఆ ళ లేదు, రోజంతా వాళ్ల చెవిలో పడదు. ఒడియా ఇంటి పిల్లలు మాత్రం ఇట్టే పలుకుతారు, వాళ్ల భాషలో అది ఉంది కాబట్టి. అందుకని ఆ వారం ఒడియా పిల్లలే మా ళకు గురువులు. నాలుక కొన వెనక్కి మడిచి చూపిస్తారు. కల, కళ అని రెండు మాటలు చెప్పి ఏది నిద్రలో వచ్చేదో ఏది నేర్చుకునేదో చెయ్యెత్తమంటే తరగతి సంతలాగా అయిపోతుంది.

చలికాలానికి చ. పొగమంచుకు రైళ్లు ఆలస్యంగా వస్తాయి, పిల్లలు స్వెటర్ల చేతుల్లో వేళ్లు దాచుకుంటారు. చలి అనండి, తరువాత చీమ అనండి. రెండూ ఒకే అక్షరంతో రాస్తాం. కానీ నోట్లో అవి ఒకటి కావు. చలి అనేటప్పుడు నాలుక కొన పళ్ల దగ్గరకు వస్తుంది, చీమ అనేటప్పుడు కాస్త పైకి పోతుంది. పాత పుస్తకాల్లో మొదటిదానికి ౘ అని వేరే గుర్తు వాడేవారు. వేసవికి ఆ గొడవ లేదు, మామిడి ఉంది. మ అనాలంటే పెదవులు మూయక తప్పదు, ముక్కు మూసుకుని మ అనమంటే ఎవరికీ రాదు. సాయంత్రం కాలబైశాఖి గాలి వస్తే హోరుకు హ.

ఈ కాలాలు ఊరితో పాటు మారతాయి. నేను పనిచేసిన ఒక ఎడారి ఊళ్లో ఆగస్టులో కూడా వాన పాఠానికి వాన దొరకలేదు. అక్కడ ఇసుకగాలి సుయ్యిమనేది, మా మొదటి అక్షరం స అయింది. దక్షిణాన తూర్పు తీరంలో మరో ఊళ్లో దీపావళి నాటికి గానీ పెద్దవానలు రావు. అచ్చైన పుస్తకం మాత్రం దేశమంతటికీ ఒకే నెలలో వాన కురిపిస్తుంది. ఈ కాలాల పద్ధతి నేను ఊరూరా తిరుగుతూ అమర్చుకున్నది. ధ్వని ముందు, గుర్తు తరువాత అన్న ధైర్యం మాత్రం గిడుగు వారి పుస్తకాలు చదివాకే వచ్చింది.

మళ్లీ ఆయన దగ్గరకు వద్దాం. 1907లో ఉత్తర సర్కారు జిల్లాలకు బడుల తనిఖీ అధికారిగా జె. ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చారు. తెలుగు నేర్చుకోవాలనుకుని వాచకం తెరిచారు. పుస్తకంలో ఉన్న తెలుగు, చుట్టూ జనం మాట్లాడే తెలుగు ఒకటిగా లేవని ఆయనకు అనుమానం వచ్చింది. పంతులు పుస్తకం ఒక భాషలో చదివి, దాన్నే మరో భాషలో పిల్లలకు వివరిస్తున్నాడు. ఇదేమిటని ఆయన విశాఖపట్నం కళాశాల అధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగారు. విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడిలో ఉన్న రామ్మూర్తి గారు ఈ చర్చలోకి వచ్చారు.

సవర పిల్లవాడి కష్టం కళ్లారా చూసినవాడికి తెలుగు పిల్లవాడి కష్టం వెంటనే తెలిసిపోయింది. బయట వాన పడుతుంటే పిల్లవాడు వాన పడుతోంది అంటాడు. వాడి వాచకం వర్షము కురియుచున్నది అంటుంది. వాన తెలుసు, మాట తెలియదు. వాడు తన నోట్లో ఉన్న తెలుగు తప్పనుకుంటాడు. సవరకు తెలుగు ఎలాగో, తెలుగు పిల్లవాడికి ఆ గ్రాంథికం కొంతవరకు అలాగే అయింది. చదువుకున్నవాళ్లు నిత్యం మాట్లాడే మంచి తెలుగులోనే పాఠాలు రాయాలి, పిల్లలు రాసేది కూడా ఆ తెలుగులోనే రాయాలి అని రామ్మూర్తి గారు వాదించడం మొదలుపెట్టారు. 1911లో ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ముగించి విరమించుకున్నారు. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు.

ఆ తరువాతి గొడవ మీకు చాలావరకు విసుగ్గా ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుకభాషలో రాయవచ్చని మొదట అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు గట్టిగా ఎదిరించారు. కొద్ది ఏళ్లకే ఆ అనుమతి వెనక్కి పోయింది. ఎదిరించినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఊరికో మాట, కులానికో మాట ఉన్నప్పుడు అందరికీ ఒకే రాత ఉండాలన్నది వాళ్ల భయం, దాన్ని కొట్టిపారేయలేం. రామ్మూర్తి గారు దానికి చెప్పిన సమాధానం మాటలతో కాదు, పుస్తకాలతో. పాత రచనలన్నీ వెతికి, పూర్వులు కూడా వచనంలో వాడుకమాటలు రాశారని చూపించారు. గద్యచింతామణి, బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అలా వచ్చినవే. ఆ మూడో పేరు చదివి నవ్వండి, పండితులనే వైద్యుల మందు మీద ఆయన వేసిన చెణుకు అది. ఊరూరా సభలకు పుస్తకాల మూటలు మోసుకుని వెళ్లేవారు, అడిగినవారికి పుట తెరిచి చూపడానికి. 1919లో రాజమహేంద్రవరంలో వాడుకభాష కోసం ఒక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు దానికి అధ్యక్షులు, రామ్మూర్తి గారు కార్యదర్శి. అదే ఏడు ఆయన తెలుగు అనే మాసపత్రిక నడిపారు, అది ఒక్క ఏడాదే నడిచింది. 1925లో తణుకులో, ఆ సాహిత్య పరిషత్తు సభలోనే నాలుగు గంటలసేపు మాట్లాడి సభను తనవైపు తిప్పుకున్నారు.

ఇదంతా జరిగేటప్పటికి ఆయనకు చెవులు సరిగా వినపడవు.

సవర కొండల్లో దోమలు విపరీతం. మలేరియా ప్రతి ఏడూ వచ్చేది, వానలు తగ్గే కాలంలో మరీను. ఆ రోజుల్లో దానికి ఉన్న మందు కొయినా, అంటే క్వినైన్. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే చేదుమందు. ఎక్కువగా తీసుకుంటే చెవుల్లో హోరు మొదలై, వినికిడి పోతుంది. గూడేల్లో తిరుగుతూ మళ్లీ మళ్లీ జ్వరం తెచ్చుకున్న రామ్మూర్తి గారు ఆ మందు చాలా తిన్నారు. జీవితాంతం చెవుడు మిగిలింది. చ ఎక్కడ పలుకుతుంది, గొంతు ఎక్కడ బిగుస్తుంది అని చెవితో పట్టి బతికిన మనిషికి పోవలసింది చెవేనా అని నాకు అనిపిస్తుంది. ఈ జీవితకథలో నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. జ్వరం వచ్చిన మొదటిసారే కొండలు దిగి, పర్లాకిమిడిలో తన చరిత్ర పాఠాలు తాను చెప్పుకుని ఉంటే చెవులు మిగిలేవి.

ఆయన అప్పుడు కూడా ఆ పని వదలలేదు. అప్పటికే విన్నదంతా కాగితాల మీద ఉంది. పెద్ద కొడుకు సీతాపతి గారు చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో సవర భాష వింటూ పెరిగినవారు. ఆయన చెవి తోడైంది. సీతాపతి గారు తరువాత తానే సవర పాటల మీద, ధ్వనుల మీద పరిశోధన చేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా పట్టిన పని చివరికి పుస్తకమైంది. మద్రాసు ప్రభుత్వం 1931లో సవర భాషా వ్యాకరణాన్ని అచ్చువేసింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ప్రభుత్వం 1913లోనే రావు బహదూర్ బిరుదు ఇచ్చింది, తరువాత కైజర్-ఎ-హింద్ పతకం కూడా ఇచ్చింది. సవరలు తమకంటూ సొంత లిపి కూడా ఒకటి చేసుకున్నారు. మంగేయి గొమాంగో అనే ఆయన 1936లో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు, దానిలో 24 అక్షరాలు. మన చుట్టుపక్కల సంతాల్ పిల్లలు దిద్దే ఓల్ చికిని కూడా దానికి కొంచెం ముందు, 1925లో, మయూర్‌భంజ్‌కు చెందిన పండిత్ రఘునాథ్ ముర్ము తయారుచేశారు. తమ ధ్వనులకు తామే గుర్తులు పెట్టుకోవాలని ఆ రోజుల్లో ఈ నేల మీద చాలామందికి అనిపించిందన్నమాట.

ఆ 1936లోనే రామ్మూర్తి గారి జీవితంలో రెండో పెద్ద బదిలీ జరిగింది. ఈసారి ఉద్యోగం వల్ల కాదు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి అలా చేర్చకూడదని ఆయన చాలా పోరాడారు, ఫలించలేదు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆ పట్టుదల సరైనదా కాదా అని మీ తరగతిలో వాదించుకోండి. సరిహద్దు గీత మారితే మనిషి ఊరు మారాలా అన్నది తేలిక ప్రశ్న కాదు, ఖరగ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ ఒకే వీధిలో వినే మనకు మరీను. ఒక్క సంగతి మాత్రం గమనించండి. పర్లాకిమిడి ఆయన వదిలిన ఊరే కానీ సవర ఆయన వదలని భాష. నిఘంటువు ఆ తరువాత రెండేళ్లకే వచ్చింది.

తెలుగు వైపు పని కూడా ఆగలేదు. పత్రికలు ఒక్కొక్కటీ వాడుకభాషకు మారుతున్నాయి. కొత్త రచయితలు ఆ భాషలోనే కథలు రాస్తున్నారు. బడిపుస్తకాలు మాత్రం మారలేదు, ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు పట్టింది. మీ చేతిలో ఉన్న తెలుగు పుస్తకంలో వాన పడుతోంది అని ఉంటే అది ఆ తరువాతి సంగతి. ఇప్పటికీ అన్నీ తీరలేదు లెండి. వచ్చాడు అని రాస్తాం, పలికేటప్పుడు చ్చా దగ్గర ఉన్నది ఆ కాదు, ఏ కాదు, రెంటి నడుమ ధ్వని. బ్యాట్ అన్నప్పుడు వచ్చేది కూడా అదే. దానికి మన వర్ణమాలలో ఈనాటికీ సొంత అక్షరం లేదు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికా సంపాదకులు కొందరు కూడారు. రామ్మూర్తి గారు అనారోగ్యంతో ఉండి కూడా వాళ్లతో మాట్లాడారు. వాడుకభాషలో మీరు రాస్తున్నారు, సంతోషమే, కానీ ప్రభుత్వం, బడి, విశ్వవిద్యాలయాలు ఇంకా అంగీకరించలేదు, ఆ పని మీ మీదే ఉంది అన్న అర్థం వచ్చేలా వాళ్లకు అప్పగించారు. వారం రోజులకే, జనవరి 22న, ఆయన కన్నుమూశారు. సీతాపతి గారు ఆ తరువాత ఇరవై తొమ్మిదేళ్లు బతికారు.